టిఫిన్ వద్దన్న పొయ్యి

రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన నర్సు సువర్చల ఉప్మాకు నీళ్లు పెట్టబోతే పొయ్యి వెలగలేదు.

"మీ అమ్మాయి హరిణి బరువు పెరిగింది. ఈ పూట కూడా టిఫిన్ వద్దు," అంది పొయ్యి. ఊళ్లో అందరి ఇళ్లలోనూ అలాంటి పొయ్యిలే.

"టిఫిన్ మానేసే పిల్లలే లావవుతారని పోయినేడు నువ్వే కదా చెప్పావు?"

"ఆ సంగతి ఇంకా తేలలేదు. ఇప్పటి ఆదేశం మాత్రం ఇదే."

సువర్చల గోడకు జారగిలబడి కూర్చుంది. వాదించే ఓపిక లేదు. పద్నాలుగేళ్ల హరిణి నిన్న ఖాళీ కడుపుతో బస్టాపులో కళ్లు తిరిగి పడిపోయింది.

"అది తేలేదాకా నా పిల్ల పస్తుండాలా?" అంటూ లేచి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ ఇచ్చింది.

"బడి గేటు అడుగుతుందమ్మా," అంది హరిణి భయంగా. "వద్దన్నా తిన్నవాళ్లని పక్కన నిలబెడతారు."

"నిలబెడితే నేనూ నిలబడతాలే. తిను."

ఇద్దరూ కలిసే వెళ్లారు.

"టిఫిన్ తిన్నావా?" అని గేటు అడిగింది.

"తిన్నాను. ఆకలేసింది," అంది హరిణి.

ఎర్రలైటు వెలిగింది. కాళ్లు పీకుతున్నా సువర్చల వచ్చి కూతురి పక్కన నిలబడింది.

వరుసలో వెనకున్న పిల్ల మెడ ముందుకు సాచి, గుటక మింగి, మెల్లగా అడిగింది.

"ఏం తిన్నావే?"