గోడకి చెరోవైపు

అడవిలో ఒక పెద్దముక్కు పిట్టల జంట ఉండేది. గుడ్లు పెట్టే కాలం రాగానే ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరి, ముక్కు పట్టేంత సందు వదిలి, వాకిలంతా మట్టితో మూసేసుకునేది. తిండి మగపిట్టే తెచ్చి అందించాలి.

ఈసారి మట్టి మెత్తేముందు ఆడపిట్ట ఆగింది. "తిండి అందించేటప్పుడు ఎవరి తర్వాత ఎవరి వంతో ముందే తేల్చుకుందాం," అంది.

"మొగుడూ పెళ్ళాల మధ్య షరతులేమిటే?" అని మగపిట్ట చిరాకుపడింది.

"పోయినేడు నువ్వు పిలుస్తావని నేనూ, నేను అడుగుతానని నువ్వూ గోడకి చెరోవైపు ఊరుకున్నాం. పండు నీ నోట్లోనే ఉండిపోయింది. పిల్ల ఆకలితో పోయింది."

మగపిట్ట తల దించుకుంది. "సరే, చెప్పు."

"నువ్వు గోడ మీద కొట్టు. నేను నోరు తెరుస్తాను. పండు పెట్టు. ఇంకా కావాలంటే కూస్తాను, మళ్ళీ కొట్టు. నోరు మూస్తే వెళ్ళిపో."

ఆ ఏడు ఒక్క పండూ నేలపాలు కాలేదు.

ఒక ఉదయం మగపిట్ట గోడ మీద కొట్టగానే సందులో బుల్లి నోరొకటి తెరుచుకుంది.

"వీడికెవరు నేర్పారే?"

"గుడ్డులో ఉండగానే వింటున్నాడుగా," అంది ఆడపిట్ట లోపలినుంచి. "అలా చూస్తూ నిలబడ్డావేం? ఇప్పుడు వంతు నీది."