గజేందర్ తినే హోటల్

మూడో హోటల్లో కూడా హన్మాండ్లు కూర్చోలేదు. సర్వర్ మంచినీళ్ల గ్లాసు పెట్టేలోపే ఫోన్ తీసి గజేందర్ ఫొటో చూపించాడు. ఈయన మీ దగ్గరికి వచ్చేవాడా అని వచ్చీరాని హిందీలో అడిగాడు. సర్వర్ తల అడ్డంగా ఊపాడు. హన్మాండ్లు బయటపడ్డాడు.

దోహాలోని అల్ హిలాల్‌లో ఇండియన్ హోటళ్లకు కరువు లేదు. హైదరాబాద్ పేరు పెట్టుకున్నవి, కేరళ పేరు పెట్టుకున్నవి, ఎందుకైనా మంచిదని రెండూ పెట్టుకున్నవి. ప్రతిదాని అద్దం మీదా ఒకటే బిర్యానీ బొమ్మ. వాటిలో మంచిదేదో తేల్చాలంటే జీతమూ ఉండాలి, జీర్ణశక్తీ ఉండాలి. అయినా హన్మాండ్లుకు ఇవాళ మంచి హోటల్ అక్కర్లేదు. గజేందర్‌కు మంచిదనిపించిన హోటల్ కావాలి.

ఇద్దరిదీ కోరుట్ల దగ్గర ఒకే ఊరు. సనయ్యలోని కంపెనీ క్యాంపులో ఒకే గది, పై మంచం గజేందర్‌ది, కింది మంచం హన్మాండ్లుది. శుక్రవారం డ్యూటీ ఉండదు. పొద్దున్నే గజేందర్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కేవాడు. ఎక్కడికంటే, హిలాల్‌లో మంచి హోటల్ దొరికిందనేవాడు. ఏం తింటావంటే నవ్వేవాడు. క్యాంపు వాళ్లు ఊరుకుంటారా? మంచిది హోటల్ కాదు, హోటల్లో ఇంకెవరో ఉన్నారని ఏడిపించేవాళ్లు.

ఆ గజేందర్‌ను కంపెనీయే కాగితాలన్నీ పూర్తి చేసి ఊరికి పంపించింది. ఇవాళ పొద్దున్నుంచీ అతని భార్య మాలతి ఒకటే ఫోన్లు. ఇష్టమని నాటుకోడి వండారట. గారెలు చేశారట. కల్లు తెప్పించారట. వడ్డించిన విస్తరి వడ్డించినట్టే ఉందట.

"అన్నా, ఏదీ ముట్టుత లేడు," అంది మాలతి. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. "మా అత్త మంచినీళ్లు గూడ తాగుత లేదు. ఆయన తిన్నంకనే అందరం తినేది. ఆడ దేని రుచి మరిగిండో జర చెప్పు."

హన్మాండ్లు ఆలోచించకుండా బిర్యానీ అనేశాడు. ఇక్కడికొచ్చినవాడు శుక్రవారం ఇంకేం తింటాడు? ఎవరో బండి మీద కోరుట్ల దాకా పోయి పొట్లం తెచ్చారు. అదీ అలాగే ఉండిపోయింది. పొద్దుగూకితే ఇక లాభం లేదని పెద్దలు అంటున్నారట. ఊళ్లో పొద్దు దోహా కన్నా ముందే గూకుతుంది.

అందుకే బస్సు దిగినప్పటి నుంచి హన్మాండ్లు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. ఇన్నేళ్లు ఒకే కుక్కర్లో అన్నం వండుకున్నారు. వాడికేం ఇష్టమో తనకు తెలియదు. అది తలుచుకుంటే తన మీద తనకే కోపం వస్తోంది.

తర్వాతి హోటల్ వాడు ఫొటో చూడకుండానే మెనూ చేతిలో పెట్టాడు. ఇంకోచోట క్యాషియర్ ఫొటోను అటూ ఇటూ తిప్పి, ఇలాంటి మొహాలు రోజుకు వంద వస్తాయన్నాడు. అంతలో జుమ్మా నమాజు వేళయింది. షట్టర్లు వరసగా దిగిపోయాయి. ఎండలో, మూసిన షట్టర్ల ముందు హన్మాండ్లు ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాడు. ఫోన్ మోగింది. ఎత్తడానికి మొహం చెల్లలేదు. మళ్లీ మోగింది.

"దొరుకుతది చెల్లె. జర ఓపిక పట్టుండ్రి," అన్నాడు.

నమాజు అయ్యాక ముందుగా తెరుచుకున్నది ఒక సందులోని చిన్న హోటల్. దానికి బిర్యానీ బొమ్మ కూడా లేదు. గల్లా దగ్గర మెహర్ సుల్తానా అనే ఆవిడ కూర్చుని ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చి, భర్తతో కలిసి ఆ హోటల్ నడుపుతోంది. ఫొటో చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"గజేందర్ భాయ్ కదా? హర్ జుమ్మా వస్తడు. బిర్యానీ ఎప్పుడూ అడగడు. కిచిడీ, ఖట్టా, అంతే. రెండుసార్లు పెట్టించుకుంటడు."

కిచిడీ అంటే జ్వరం వచ్చినవాడి తిండని క్యాంపులో వెక్కిరిస్తారు. ఏం తింటావంటే వాడు నవ్వింది అందుకన్నమాట.

ఈ మధ్య రావడం లేదేమని ఆమె అడిగింది. ఊరికి పోయిండన్నాడు హన్మాండ్లు. రాగానే పంపించమని, వేడివేడిగా పెడతానని ఆమె అంది. అతను మాట మార్చి, అది ఎలా వండుతారో చెప్పమన్నాడు.

ఆమె చెబుతుంటే ఫోన్లో మాలతికి చేరవేశాడు. ఎర్రపప్పు, బియ్యం, పసుపు కలిపి ఉడికించాలి. నువ్వులు వేయించి నూరి చింతపండు పులుసులో కలపాలి. ఎండుమిర్చి తాలింపు పెట్టాలి.

"గింతేనా అన్నా?" అంది మాలతి.

"గింతేనమ్మా. జల్ది చెయ్యి. పొద్దు పోతున్నది."

మెహర్ సుల్తానా అతని ముందు కూడా ఒక ప్లేటు పెట్టించింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అతని మొహమే చెబుతోంది. హన్మాండ్లు ప్లేటు పక్కకు జరిపాడు.

"ముందుగాల వాడు తిననీ," అన్నాడు.

ఆమెకేమీ అర్థం కాలేదు. కిచిడీ చల్లారిపోయింది. అతను లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచి గుమ్మం దాకా వెళ్లాడు. ఇది కూడా కాకపోతే ఇక చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదు. ఈసారి వీడియో కాల్ వచ్చింది. నొక్కాడు.

మాలతి ఫోన్ అటు తిప్పింది.

గజేందర్ చితి బూడిద పక్కన పెట్టిన విస్తరిలో ఒక కాకి కిచిడీ తింటోంది.