కోతి పీకిన వేరుశనగ సాలు

కంచం ముందు కూర్చోవడమే తప్ప ఏనాడూ చేను గట్టు తొక్కని వాడా, ఈ కథ నీకే చెబుతున్నాను.

అడవిలో బడి నడిపే కుందేలు అవ్వ, తిండి ఎలా పుడుతుందో నేర్పాలని పిల్లలచేత తలా ఒక సాలు వేరుశనగ వేయించింది. చలికాలానికి వాళ్లకు అదే ఆధారం. మొక్కలు పచ్చగా పూశాయి. పూలు వాడిపోయాయి గానీ కొమ్మలకు ఒక్క కాయా కనపడలేదు.

"కాయలేవే అవ్వా? నువ్వే మెక్కేశావా?" అంది పిల్లల్లో పెద్దదైన కోతి.

"వాడిన పూల నుంచి ఊడలు నేలలోకి దిగాయి నాయనా. కాయ అక్కడే ఊరుతుంది. రెండు నెలలు ఓపిక పట్టు."

"నేనెక్కని చెట్టు లేదు. నేలలో కాసే కాయ నాకెక్కడా తగల్లేదు," అంటూ కోతి తన సాలంతా పీకి మేకకు వేసింది. ఉడుతపిల్ల చెయ్యి కూడా మొక్క మీదికి పోయింది. అవ్వ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. కానీ పంట తప్పితే పిల్లలు పస్తులుంటారన్న దిగులు ఆమెను వదల్లేదు.

తవ్వే రోజు వచ్చింది. ఉడుతపిల్ల మొదటి మొక్క లాగితే వేళ్ల నిండా కాయలు గుత్తులుగా వేలాడాయి. అవ్వ గట్టు మీద కూలబడి, "అమ్మయ్య, పిల్లలు గట్టెక్కారు," అనుకుంది.

చెట్లన్నీ బోసిపోయిన ఆ చలికాలంలో పిల్లలు కాయలు ఒలుచుకుని తిన్నారు. వాళ్లు పారేసిన తొక్కల్లో గింజ ఏదైనా మిగిలిందేమోనని కోతి రోజూ వెదుక్కుంది.