తెర మీద ఏముంది?

"తెర మీద ఏమేం ఉన్నాయో చెప్పండి," అంది ఫోన్లో మేడమ్.

"చెత్తబుట్ట బొమ్మ ఉంది," అన్నాడు లారీ డ్రైవరు.

"ఎక్కడుంది?"

"ఎక్కడేంటండీ, తెర మీదే!"

"ఏ మూలన? దాని కింద ఏముంది?"

డ్రైవరుకి ఒళ్లు మండింది. జన్మంతా లారీ తోలినవాడికి చెత్తబుట్ట ఏ మూలనుందో అప్పజెప్పాల్సిన గతి పట్టింది.

"ఎడమవైపు పై మూలన. కింద పసుపు రంగు అట్టలాంటిది ఉంది."

"దాన్ని ఫోల్డరు అంటారు. మౌసు వదిలేసి, బాణం గుర్తులున్న మీటలు నొక్కుతూ దాని మీదికి వెళ్లండి."

"మౌసు ఉండగా మీటలెందుకు మేడమ్?"

"మీటలు తెలిస్తే, మౌసు పాడైనా బండి ఆగదండీ."

బండి అనేసరికి డ్రైవరు కాస్త మెత్తబడ్డాడు.

ఈ వయసులో ఈ తంటా ఆయన సరదాకి పడటం లేదు. నడుం పూసలు అరిగిపోయాయి, ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు ఖరాకండిగా చెప్పేశాడు. కంపెనీ యజమాని మంచివాడే. గోడౌన్ గేటు దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చే పోయే లారీల వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి అన్నాడు. పరీక్ష నెగ్గితే కుర్చీ, లేకపోతే ఇంటికి. అదే కుర్చీ మీద లోడింగ్ మేస్త్రీ కూడా కన్నేశాడు. ఇద్దరి ఇళ్లకీ ఒక్కో కంప్యూటరు పంపి, ఒక శిక్షణ సంస్థ నుంచి ఫోన్లో పాఠాలు ఏర్పాటు చేశారు. డ్రైవరుకి మేడమ్ వచ్చింది, మేస్త్రీకి ఒక సారు దొరికాడు.

ఆ సారు గురించి మేస్త్రీ టీ కొట్టు దగ్గర చెబుతుంటే డ్రైవరు కడుపు రగిలిపోయేది.

"మా సారు అక్కడ కూచునే నా తెరంతా చూసేస్తాడన్నా! నేను తప్పు నొక్కితే చాలు, అక్కణ్నుంచే బాణం కదిపి సరిచేసేస్తాడు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే అనుకో!"

మేడమ్ మాత్రం ఒక్కనాడూ ఆయన తెర చూడలేదు. ప్రతి ముక్కా ఆయనే చదివి వినిపించాలి. కంప్యూటరు టింగుమంటే చాలు, "ఏదో పెట్టె వచ్చినట్టుంది, అందులో ఏం రాశారో మొత్తం చదవండి" అనేది. సగం చదివి ఊరుకుంటే మళ్లీ మొదటికి తెచ్చేది.

ఒకరోజు ఉదయం ఆయన లారీల నంబర్లు ఓపిగ్గా కొడుతున్నాడు. వేలు ఎక్కడ తగిలిందో ఏమో, అంతా మాయమైంది.

"పోయింది మేడమ్! కొట్టిందంతా గంగపాలు!"

"కంగారు పడకండి. ఇప్పుడు తెర మీద ఏముంది?"

"మళ్లీ అదే పాట! ఒక్కసారి మీరే చూసి చెప్పొచ్చుగా! మేస్త్రీ వాళ్ల సారు చూడట్లేదూ?"

"నా పద్ధతి ఇంతేనండీ. మీ కళ్లతోనే మనిద్దరి పనీ జరగాలి. పైనుంచి కిందికి చదవండి."

పళ్లు నూరుకుంటూ చదివాడు. అట్టడుగు పట్టీలో, చిన్న గుర్తులో ఆయన కొట్టిన కాగితం నక్కి కూచుంది. మీట నొక్కగానే నంబర్లన్నీ భద్రంగా బయటికొచ్చాయి. అయినా ఆయన కోపం చల్లారలేదు.

ఫోన్ పెట్టేసి భార్య మీద పడ్డాడు. "చూశావటే ఆవిడ పొగరు! కళ్లు నెత్తికెక్కి మాట్లాడుతోంది!"

"పోయింది దొరికిందిగా?" అంది భార్య. "మీకు లారీ నేర్పినాయన చెంప పగలగొట్టి నేర్పాడని మురిసిపోతూ చెప్తారు. ఈవిడ అండీ అంటే పొగరైపోయిందా?"

ఆయన వినలేదు. శిక్షణ సంస్థ మేనేజరుకి ఫోన్ చేసి, నాకు వేరే టీచర్ని ఇవ్వండని గట్టిగా అడిగాడు. పరీక్ష దగ్గరపడింది, ఈ కాస్తా ఓపిక పట్టండని మేనేజరు బతిమాలాడు.

పరీక్ష రోజు మేస్త్రీని, ఆయన్ని పక్కపక్కనే కూచోబెట్టారు. ఫోల్డరు తయారుచేసి, అందులో ఒక పట్టిక దాచి, కంప్యూటరు ఆపాలి. డ్రైవరు అంతా చేసి మూయబోతుండగా టింగుమని ఒక పెట్టె ఊడిపడింది. అలవాటు కొద్దీ పెదాలు వాటంతటవే కదిలాయి. పైనుంచి కిందికి చదివాడు. మార్పులు దాచమంటారా, వద్దా అని అడుగుతోంది. దాచమన్నాడు. అంతే, అయిపోయింది!

పక్కన మేస్త్రీ చేతులు కట్టుకుని తెరకేసి చూస్తున్నాడు.

"మొదలుపెట్టవేం?" అన్నాడు పరీక్ష పెట్టే ఇంజినీరు.

"బాణం ఇంకా కదల్లేదు సార్!"

కుర్చీ డ్రైవరుదైంది. ఇంటికెళ్లి భార్యకి చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

మర్నాడే పళ్ల బుట్ట పట్టుకుని శిక్షణ సంస్థకి వెళ్లాడు. ఫిర్యాదు చేసిన నోటితోనే దండాలు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది. అయినా ఒక్కసారైనా నా తెర ఎందుకు చూడలేదో అడిగి తీరాలనుకున్నాడు. మేనేజరు చివరి గది చూపించాడు.

తలుపు తీసే ఉంది. సన్నటి మనిషి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటల మీద వేళ్లు టకటకలాడిస్తోంది. ఎదురుగా తెర మాత్రం నల్లగా ఉంది. ఇన్నాళ్ల అలవాటు ఊరికే పోతుందా, కనబడింది కనబడినట్టు చెప్పేశాడు.

"మేడమ్, మీ తెర మీద ఏమీ లేదు. ఆరిపోయింది."

గొంతు గుర్తుపట్టి ఆమె ముఖం విప్పారింది. "డ్రైవరు గారా! నెగ్గారటగా, మా మేనేజరు చెప్పారు. ఎంత సంతోషమో! కూచోండి."

"అది కాదు మేడమ్, తెర..."

"అదెప్పుడూ అంతేనండీ," అని ఆమె నవ్వింది.

"నాకు పుట్టుకతోనే చూపు లేదు."