వంచి కట్టిన ఏరియల్

ములుగు అడవి రోడ్డు మీద జోరుగా వాన.

జీపుకు నాలుగు వైపులా టార్పాలిన్ దించుకొని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని లోపల కూర్చున్నాడు కిషన్ రావు.

ఉపగ్రహం పడమటి అంచున లేచింది. నడినెత్తికి వచ్చింది. తూర్పున దిగిపోయింది.

పన్నెండు నిమిషాలు. శబ్దం ఒక్క క్షణం కూడా తెగలేదు.

మూడేళ్లలో ఇదే మొదటిసారి.

కిషన్ రావు వరంగల్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే పంతులు. వానాకాలం వస్తే ఈ అడవి ఊళ్లకు ఫోను తీగలు తెగిపోతాయి. వాగు పొంగుతోందన్న కబురు వాగు వచ్చాకే అందుతుంది. ఉపగ్రహం నుంచే కబురు అందుకునే జీపు ఒకటి ఉండాలని ఆయన పట్టుదల.

గట్టి గొట్టంతో చేసిన ఏరియళ్లు కొమ్మలు తగిలి విరిగాయి. చివరికి ఎనిమిదడుగుల సన్నటి ఉక్కు చువ్వకు అడుగున స్ప్రింగు బిగించాడు. కొమ్మ తగిలితే వంగుతుంది, మళ్లీ నిటారుగా లేస్తుంది. ఆ స్ప్రింగంటే ఆయనకు కన్నబిడ్డంత మురిపెం.

అంతా బాగానే ఉంది గానీ, ఉపగ్రహం సరిగ్గా నెత్తి మీదికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయేది. అంచుల్లో ఉన్నప్పుడు వినబడేది, దగ్గరికొస్తే వినబడేది కాదు.

రిసీవర్‌ని తిట్టాడు. బ్యాటరీని తిట్టాడు. టంకం పెట్టినవాణ్ని తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక తిట్టడానికి మిగిలింది డ్రైవరే.

ఇరవయ్యో తారీఖున ఈ పనిని పరీక్షించడానికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తుంది. వాళ్ల ముందు పలకకపోతే పని బంద్, జీపు వాపస్.

అలాంటప్పుడు పన్నెండు నిమిషాలు తెగకుండా పలికింది. సంతోషంతో టార్పాలిన్ ఎత్తి బయటికి దూకాడు.

ఏరియల్ విల్లులా వంగి ఉంది. దాని కొసకు కట్టిన తాడు జీపు ముందు బంపరుకు బిగించి ఉంది. పక్కనే తడిసి ముద్దయి డ్రైవర్ ఖాజా పాషా.

"మళ్లీ కట్టినవా?"

"సార్, జర ఇనుండ్రి..."

"కొమ్మలు తాకుతయనే గద? తాకనియ్. అందుకే గద కింద స్ప్రింగు పెట్టింది."

"కొమ్మల కోసం కాదు సార్. కట్టినందుకే..."

"కట్టినా ఇంత మంచిగ వచ్చింది. కట్టకుంటే ఇంకెంత మంచిగ వచ్చేదో."

ఖాజా పాషా బంపరు దగ్గరికి పోయాడు. తాడు విప్పాడు. చువ్వ నిటారుగా లేచి నిలబడింది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు.

"రేపటి సంది రావద్దు," అన్నాడు కిషన్ రావు. "చెప్పిన మాట ఇనెటోడు కావాలె నాకు."

"మంచిది సార్. ఒక్కటే మాట. కమిటీవాళ్లు వచ్చిననాడు జర వంచి చూడుండ్రి."

"నువ్వు బండి నడిపెటోనివి. ఏరియల్ సంగతి నీకెందుకు?"

ఖాజా పాషా విప్పిన తాడు చుట్ట చుట్టి జీపులో పెట్టాడు.

ఇరవయ్యో తారీఖున ఎండ కాసింది. కొత్త డ్రైవర్ బుద్ధిమంతుడు, ఏరియల్‌ను తాకను కూడా తాకలేదు. అది నిటారుగా నిలబడి తళతళలాడింది.

ఉపగ్రహం లేచింది. శబ్దం గణగణమంది.

నడినెత్తికి వచ్చింది.

చప్పుడు లేదు.

ఒక నిమిషం. రెండు. మూడు. కమిటీ పెద్దాయన గడియారం చూసుకున్నాడు. కిషన్ రావుకు ఏడుపొక్కటే తక్కువ.

కమిటీవాళ్లు కాగితాల మీద సంతకాలు పెట్టేశారు. కారెక్కబోతున్న పెద్దాయన వెనక కిషన్ రావు పరుగెత్తాడు.

"మొన్న వచ్చింది సార్. పన్నెండు నిమిషాలు తెగకుండ వచ్చింది. ఆనాడు డ్రైవర్ ఏరియల్‌ను వంచి తాడుతోటి కట్టేసిండు, అయినా వచ్చింది."

పెద్దాయన కారు తలుపు మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"అయినా కాదండీ. అందుకే వచ్చింది. నిటారు ఏరియల్‌కు చుట్టూ వినబడుతుంది, నెత్తి మీద వినబడదు. ఈ పాఠం మీరే చెబుతారు కదా?"

చెబుతాడు. ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాడు. మూడేళ్లుగా మనసంతా స్ప్రింగు మీదే ఉండి, బోర్డు మీది బొమ్మ జీపు దాకా రాలేదు.

"ఇంకొక్కసారి చూడండి సార్. వంచి కడతా."

"రిపోర్టు రాసేశామండీ. మేం విన్నదే రాయాలి," అని పెద్దాయన కారెక్కాడు.

కిషన్ రావు నేరుగా ఆఫీసుకు పోయాడు. అక్కడ గుమాస్తా వెంకట్రాజం ఉన్నాడు.

"ఖాజా పాషా ఇల్లెక్కడ?"

"కాజీపేటల ఉంటుండె సార్. మొన్ననే ఖాళీ చేసి పోయిండట. ఏడికి పోయిండో ఎవ్వరికి తెల్వది."

"అసలు ఆ డ్రైవర్ని ఎవరు పంపిండ్రు?"

వెంకట్రాజం బీరువా తలుపు తీశాడు.

"ఆయన డ్రైవర్ పనికి రాలే సార్. అసిస్టెంట్ కావాలని మీరు పేపర్ల ఏయించిండ్రు గద, గా పనికి అర్జీ పెట్టిండు. చదువు ఏడో తరగతే అని మీరే డ్రైవరుగ పెట్టుకోమన్నరు."

బీరువాలోంచి ఆ అర్జీ తీసి బల్ల మీద పెట్టాడు.

'డ్రైవరుగా పనికి వస్తాడు' అని అడ్డంగా రాసిన ఎర్ర సిరా కిషన్ రావుదే. దాని కింద, ఆయన ఆనాడు చదవకుండా వదిలేసిన రెండు వరుసల్లో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'సైన్యంలో వైర్‌లెస్ హవల్దారు, పద్దెనిమిదేళ్ల సర్వీసు, అందులో ఆరేళ్లు జీపు ఏరియల్ ఎట్లా వంచి కట్టాలో కొత్త ఆఫీసర్లకు నేర్పిన పని.'