విమానం బోల్టు

సూర్యాపేట అడ్డా మీద సక్రు జీపులో పద్నాలుగు మంది ఎక్కారు. ఇంకో ఇద్దరు పడతారని సక్రు నమ్మకం.

"జల్దీ తియ్యి సక్రూ," అన్నాడు భద్రు.

"అత్తగారింటికి గింత పరేషాన్ల పోయే అల్లుణ్ణి నేనెన్నడు సూడలె, బావా!"

జీపంతా నవ్వింది. సక్రు భద్రుకు స్వయానా బామ్మర్ది. భద్రుకు మాత్రం నవ్వు రాలేదు.

అతను హైదరాబాదులో విమానాల సామాను చేసే కార్ఖానాలో పనివాడు. కొడుకు పుట్టగానే, కొలత తేడా వచ్చి పక్కన పడేసిన ఉక్కు బోల్టు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. తళతళలాడాలని యాసిడ్‌తో కడిగి నికెల్ పూత వేయించాడు. పోయిన వారం తండాకు వెళ్లి, అత్తగారింటి దూలానికి దాంతోనే ఉయ్యాల బిగించాడు. "ఇమానాలకు వాడేది. నీ మనవని పెండ్లి దాక ఇరగది," అని అత్తకు హామీ కూడా ఇచ్చాడు.

ఇవాళ పొద్దున కార్ఖానాలో ఇంజనీరు అరుంధతి కొత్తవాళ్లకు పాఠం చెప్పింది. అలా కడిగి పూత వేస్తే గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరుతుందట. వెంటనే ఓవెన్‌లో పెట్టి గంటల తరబడి వేడిచేసి దాన్ని వెళ్లగొట్టాలట.

"పెట్టకుంటే మేడం?" అన్నాడు భద్రు.

"బిగించాక గంటకు విరగొచ్చు, పదిరోజులకు విరగొచ్చు. మామూలు ఇనుమైతే వంగి చెబుతుంది. ఇది చెప్పదు."

భద్రు టిఫిన్ డబ్బా అక్కడే వదిలి బస్సెక్కాడు. తండాకు ఫోను ఇంకా రాలేదు.

సక్రుకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. తన తెలివి గురించి పద్నాలుగు మంది ముందు చెప్పుకోలేకపోయాడు. "ఇంకా జోరుగ పోనియ్యి," అని మాత్రం అన్నాడు.

"మునుపటి లెక్క గాదు బావా, ఇప్పుడు నా బండి ఎట్ల తిప్పితె అట్ల ఇంటది," అంటూ సక్రు పోనిచ్చాడు.

గుంతల్లో తలలు టాపుకు కొట్టుకున్నాయి. "మెల్లగ పోరాదయ్యా, సస్తం!" అని వెనకనుంచి లచ్చయ్య అరిచాడు.

తండా వచ్చేసింది, జనం దిగారు. రోడ్డు పక్కనే భార్య కమ్లి, చంకలో పిల్లాడు. దగ్గు తగ్గడం లేదని సూర్యాపేట డాక్టరు దగ్గరికి బయల్దేరిందట.

భద్రు గబుక్కున జీపు దిగాడు. పిల్లాడు ఉయ్యాలలో లేడు, అంతే చాలు. తల్లీబిడ్డలను తనే ముందు సీట్లో కూర్చోబెట్టాడు. వాళ్లు తిరిగొచ్చేలోపు బోల్టు పీకి పారేయాలి.

జీపు వెనక్కి తిరిగి, దుమ్ము లేపుకుంటూ సూర్యాపేట వైపు మలుపు తిరిగింది. భద్రు ఇంట్లోకి పరుగెత్తి దూలం చూశాడు. ఉయ్యాల తాడుతో కట్టి ఉంది.

"అత్తా, బోల్టేది?"

"గంత గట్టి బోల్టు ఉయ్యాలకెందుకు అల్లుడా," అంది నీలాబాయి, "మొన్ననే సక్రు జీపు స్టీరింగుకు బిగిచ్చుకుండు."