హారతి ముందు ఒట్టు

ఎనభై మూడు ఆషాఢం, బోనాల రోజు. బొంబాయి కామాటిపురలో మేముండే వరసగదుల చాల్ ముందు డప్పు మోగుతుంటే, మా తమ్ముడు లస్మయ్య కూతురు మంగళ జుట్టు విరబోసుకుని ఊగిపోయింది. పదేళ్ల పిల్లకు పూనకం! అందరూ చేతులు జోడించారు.

లస్మయ్య ఆ కాళ్ల మీద పడ్డాడు. “ఏం గావాలె తల్లీ?”

“పిల్లను రేపటి సంది గిన్నెలు తోమ పంపకు. బడికే పంపు!”

“అట్లనే తల్లీ! శాంతించు!” హారతి మీద చెయ్యిపెట్టి ఒట్టేశాడు.

వచ్చింది ఏ అమ్మవారో అడగడం మా ఆచారం. ఇంటి పెద్దాడపడుచును కనుక వేపమండ పట్టుకుని నేనే అడిగాను. “ఎవరు తల్లీ నువ్వు? పోచమ్మవా, మైసమ్మవా?”

పిల్ల ఊగడం ఆపింది.

“ఎవ్వరు రాలే అత్తా. నేను మంగళనే. నిన్న ఇదే మాటంటే నాయిన ‘చుప్ బైఠ్, నోర్మూస్కో’ అన్నడు.”

డప్పు ఆగింది. ఎవరో కిసుక్కుమన్నారు. లస్మయ్య లేచి చెయ్యెత్తాడు.

నేను హారతి పళ్లెం అడ్డం పెట్టాను. “ఒట్టు అమ్మ ముందల పెట్టినవు తమ్మీ. కండ్లకద్దుకో.”

అద్దుకున్నాడు.

డప్పు మళ్లీ మోగినా, ఆ ఏడు పోచమ్మ ఎవరి మీదికీ రాలేదు. తన మాట పిల్లే చెప్పేసిందనుకుందేమో.